వీపు దర్శనం

యూరప్ వెళ్ళొచ్చినవాళ్ళని మోనాలిసా ఎలా ఉందని అడక్కండి. పాపం, ఇబ్బంది పడతారు. ఆవిడ ముందు నిలబడ్డవాళ్ళ వీపులు ఎలా ఉన్నాయని అడగండి, గంటసేపు చెబుతారు. నన్నడిగితే నేనూ చెబుతాను. ఒక నీలం రెయిన్‌కోటు. ఒక వీపుసంచీ, దానికి వేలాడే నీళ్ళ సీసా. తండ్రి భుజాలెక్కి కూచున్న పిల్లాడి బూట్లు. వాటి సందుల్లోంచి, పైకెత్తిన ముప్పై నలభై సెల్‌ఫోన్ల తెరల మీద, ముప్పై నలభైమంది మోనాలిసాలు. అసలావిడ ఆ ఫోన్లలో దేని వెనకో ఉండే ఉంటుంది. ఉందని గైడు చెప్పింది. నమ్మాం.

నమ్మడానికే కదా డబ్బు కట్టింది.

పది రోజుల్లో ఏడు దేశాల ప్యాకేజీ అది. నలభై ఇద్దరం మనుషులం, ఒక బస్సు, ఒక జెండా. జెండా పట్టుకున్న కుర్రాడు టూర్ మేనేజరు. పారిస్‌లో రెండోరోజు కార్యక్రమం కాగితం మీద ఇలా ఉంది: పొద్దున ఐఫిల్ టవర్, మధ్యాహ్నం లూవ్ర్ మ్యూజియంలో గైడెడ్ టూర్, సాయంత్రం సెయిన్ నదిలో పడవ షికారు, రాత్రి ఇండియన్ డిన్నర్. ఈ నాలుగింట్లో మా బృందం దేనికి అందరికంటే ముందు తయారై కూచుందో తెలుగు పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు. లూవ్ర్‌ని ఒకరు లౌరే అన్నారు, ఒకరు లోవర్ అన్నారు, ఒక పెద్దాయన ఆఖరిదాకా ‘ఆ లవర్ మ్యూజియం’ అనే అన్నారు. దానికి కేటాయించింది గంటన్నర. బాత్‌రూములు అందులోనే.

గంటన్నర తక్కువా అంటే, లెక్క వేద్దాం. లూవ్ర్‌లో జనం చూడ్డానికి పెట్టినవి సుమారు 35 వేలు. పేరుమోసిన చిత్రం ముందు మనిషి ఎంతసేపు నిలబడతాడో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పక్కనుంచి కనిపెట్టి చూసి ఇద్దరు పరిశోధకులు 2001లో అచ్చువేశారు. సగటున 27 సెకన్లు. సగంమంది 17 సెకన్లకే కదిలిపోయారు. ఆ సగటున పోయినా, లూవ్ర్ మొత్తం చూడాలంటే తిండీ నిద్రా మానుకుని పదకొండు రోజులు. ఏడు దేశాలకీ కలిపి మాకిచ్చినవే పది. కనుక ఏరుకోక తప్పదు. ఆ ఏరుకోవడం మనకి శ్రమ లేకుండా లోకం ఎప్పుడో చేసిపెట్టింది: మోనాలిసా. తతిమ్మా 34,999 ఆవిడ దగ్గరికి పోయే దారిలో అడ్డొచ్చేవి.

మనకిది కొత్త విద్యేం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో చిన్నప్పుడే శిక్షణ అయింది. హైదరాబాదుకి స్కూలు ఎక్స్‌కర్షన్ వెళ్ళిన ప్రతి పిల్లాడికీ అక్కడి గడియారం గుర్తుంటుంది. గంట గంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోతుంది. పన్నెండింటికి వెళితే పన్నెండు దెబ్బలు, అంచేత ఆ వేళకి వెళ్ళడమే గిట్టుబాటు. అదే మ్యూజియంలో యూరప్ చిత్రాలకీ గదులున్నాయి. కాని వాటిల్లో గంటా లేదు, కొట్టే బొమ్మా లేదు. ఉన్నవి గోడకి వేలాడే కదలని బొమ్మలు. కదలని బొమ్మని ఎంతసేపు చూస్తాం? టీవీ ఆపేసి దాన్ని చూస్తూ కూచున్నట్టుంటుంది.

ఇక గైడు. ఫ్రాన్సులో ఇలాంటి మ్యూజియంలో టూరిస్టు బృందాన్ని వెంటేసుకుని వివరించాలంటే సర్కారు ఇచ్చే కార్డు ఉండాలి. ఆ కార్డుకి చదువుండాలి. మాకు దొరికినావిడ చదువుకున్నావిడేనని మాట తీరులోనే తెలుస్తోంది. ఆవిడ మెడలో మైకు, మా చెవుల్లో రిసీవర్లు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంది. అది అందనివాళ్ళకి మా జెండా కుర్రాడు తెలుగు చేస్తాడు. ఢిల్లీ నుంచి దిగిన నాయకుడి హిందీ ఉపన్యాసాన్ని బహిరంగసభలో తెలుగు చేసే లోకల్ నాయకుణ్ణి మీరు చూసే ఉంటారు. ఆయన పది నిమిషాలు చెప్పింది ఈయన పది మాటల్లో ముగిస్తాడు. ఆయన ఒక్క మాటన్నదానికి ఈయన పావుగంట తీసుకుంటాడు. అదే విద్య ఇక్కడా. లియొనార్దో రంగుని పొగలాగా పల్చటి పొర మీద పొర వేసుకుంటూ పోయాడనీ, పెదవి ఎక్కడ ఆగిందో చెంప ఎక్కడ మొదలైందో చెప్పే గీత కనపడదనీ, అందుకే ఆ నవ్వు ఉందో లేదో తేలదనీ ఆవిడ మూడు నిమిషాలు చెప్పింది. కుర్రాడు, “చాలా కష్టపడి వేశాడంటండీ” అన్నాడు. తర్వాత ఆవిడ, జేబుదొంగలుంటారు జాగ్రత్త అని ఒక్క ముక్క అంది. దాన్ని కుర్రాడు సోదాహరణంగా వివరించాడు. ఏ ఊరివాళ్ళది, ఏ ఏడు, ఎన్ని యూరోలు పోయాయో కూడా చెప్పాడు.

ఆ చెవి యంత్రం మహిమ ఇంకొకటి చెప్పాలి. అది తగిలించుకున్నాక కళ్ళతో పనుండదు. మాలో రిటైరైన హెడ్మాస్టారు ఒకరున్నారు. ఆయన రిసీవర్లో మీట కదిలి పక్క బృందం గైడు పడ్డాడు. భాష స్పానిషో మరొకటో. గొంతు మగాడిది. మాస్టారు నలభై నిమిషాలు చేతులు కట్టుకుని, సరైనచోటల్లా తలాడిస్తూ విన్నారు. బస్సెక్కాక, “ఆవిడ చాలా బాగా చెప్పిందండీ” అన్నారు.

ఆయన్ని చూసి నవ్వాను గాని, తర్వాత ఆలోచిస్తే నాకూ ఆయనకీ తేడా కనపడలేదు. నాకు మాటలు అర్థమయ్యాయి, ఆయనకి కాలేదు. బొమ్మని ఇద్దరం చూడలేదు.

ఇంత చదువుకున్న గైడు రోజూ ధరవరలూ దొంగతనాలూ చెప్పుకుంటూ ఎందుకు బతకాల్సొచ్చింది? మనం అవే అడుగుతాం కనుక. ఏ దేశపువాళ్ళయినా, ఏ బృందమైనా, ప్రశ్నలు మూడే. ఎంత చేస్తుంది? ఎవడు కొట్టేశాడు? ఆవిడెవరు, ఎవరి తాలూకు?

ఎంత అన్నది మా బిల్డరు బాబాయిగారి ప్రశ్న. 1962లో ఆ చిత్రాన్ని అమెరికా పంపేముందు బీమా కోసం కట్టిన విలువ పది కోట్ల డాలర్లని గైడు చెప్పింది. కొలతలు ఆయనే అడిగారు. ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. బాబాయిగారు సెల్ తీసి గుణించారు. “అర గజం కూడా లేదే!” అన్నారు. మళ్ళీ గుణించారు. గజం ఇరవై కోట్ల డాలర్ల పైన పడుతోంది. కోకాపేటలో కూడా లేదు ఈ రేటు. ఆ క్షణంనుంచి ఆయనకి లియొనార్దో మీద గౌరవం కుదిరింది.

ఎవడు కొట్టేశాడన్నది అందరి ప్రశ్న. 1911 ఆగస్టు 21న విన్సెంజో పెరూజా అనే ఇటలీ పనివాడు దాన్ని గోడమీంచి దించి పట్టుకుపోయాడు. మర్నాటిదాకా పోయిందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. పోలీసులు కవి అపొలినేర్‌ని జైల్లో పెట్టారు, పికాసోని పిలిచి ప్రశ్నించారు. బొమ్మ మాత్రం రెండేళ్ళపాటు దొంగ దగ్గర భద్రంగా ఉంది. 1913 చివర ఫ్లోరెన్సులో అమ్మబోయి దొరికాడు. ఈ కథలో అసలు ఘట్టం వేరే ఉంది. దొంగతనం తర్వాత మ్యూజియాన్ని వారం రోజులు మూసి మళ్ళీ తెరిస్తే జనం బారులు తీరారు. దేన్ని చూడ్డానికి? గోడమీద ఖాళీని. నాలుగు కొక్కేల్ని. అంతకుముందు ఏనాడూ ఆ బొమ్మని చూడ్డానికి రానివాళ్ళు, అది లేకపోవడాన్ని చూడ్డానికి వచ్చారు. కాఫ్కా కూడా ఆ ఖాళీని చూసినవాడే. మోనాలిసాకి ఇవాళున్న కీర్తిలో లియొనార్దో వాటా ఎంతో, పెరూజా వాటా ఎంతో పంపకాలు చేస్తే కోర్టుకెక్కాల్సిన తగాదా.

మూడో ప్రశ్న పిన్నిగారిది. లోపల తోపులాటలో చెప్పడం కుదరదని గైడు బయటి గ్యాలరీలోనే నిలబెట్టి, ట్యాబ్‌లో బొమ్మ చూపిస్తూ చెబుతోంది. అసలు బొమ్మ గోడకి అవతల ఉంది, మేం ఇవతల ఫోటో చూసి నేర్చుకుంటున్నాం. వంట పుస్తకం చదివి ఏవ్‌మని తేన్చినట్టు. ఆవిడ పేరు లీసా గెరార్దీని అనీ, భర్త ఫ్రాంచెస్కో దెల్ జొకొండో ఫ్లోరెన్సులో పట్టు వ్యాపారి అనీ గైడు అంది. “పట్టుబట్టల షాపాయన భార్యండీ” అన్నాడు కుర్రాడు. పిన్నిగారు ట్యాబ్ దగ్గరికి జరిగి, కళ్ళజోడు సర్దుకుని చూసి, “అంత షాపుండి మెడలో ఏమీ లేదేం? చేతికైనా లేదు” అన్నారు.

ఆ గంటన్నరలో బొమ్మని చూసి పుట్టిన ప్రశ్న అదొక్కటే. కుర్రాడు నవ్వి ఊరుకోబోతే గైడే పట్టుబట్టి అనువాదం చేయించుకుంది. ఆవిడ మొహం ఎంత వెలిగిందో నేను చూశాను. ఎన్నాళ్ళనుంచో ఎవరూ తట్టని తలుపు తట్టినట్టు గుక్క తిప్పుకుని చెప్పబోయింది. జెండా కదిలింది. నలభై ఇద్దరం జెండా వెంట కదిలాం.

ఆ పొడుగాటి గ్యాలరీలోనే ఇదే లియొనార్దో చేతి చిత్రాలు ఇంకా ఉన్నాయి. రాళ్ళ గుహలో మరియమ్మ ఉంది, ఒళ్ళో కూతురితో, ఆ కూతురు చేతులు చాచి పట్టుకుంటున్న మనవడితో సెయింట్ ఆన్ ఉంది. లూవ్ర్ దగ్గర ఆయనవి మొత్తం ఐదు. ఈ గ్యాలరీలో ఉన్నవాటి ముందు కావలసినంత ఖాళీ ఉంది, ముక్కు ఆనించేంత దగ్గరగా పోవచ్చు. “ఇవీ ఆయనవేనా బాబూ?” అని ఎవరో అడిగారు. “ఆయనవేనండీ. ఫేమస్ కాదు” అన్నాడు కుర్రాడు. హీరో ఒకడే అయినా హిట్టయిన సినిమా ఒకటే మరి. జనం ఆగలేదు.

లోపల జరిగింది మొదటే మనవి చేశాను. అది మహాలఘు దర్శనం. ఒక సామ్యం చెప్పి ఒక భేదం చెబుతాను. తిరుమలలో గంటలకొద్దీ క్యూలో నిలబడి, తీరా స్వామి ఎదురుకొచ్చేసరికి కళ్ళు మూసుకుంటాం. అది భక్తి. ఇక్కడా తోపులాటలో నిలబడి, తీరా ఆవిడ ఎదురుకొచ్చేసరికి వెనక్కి తిరుగుతాం. ఇది సెల్ఫీ. దేవుడి ముందు కళ్ళు మూశాం, కళ ముందు వీపు తిప్పాం. చూపుతో మనకున్న పేచీ ఏమిటో!

సరే, వెనక్కి తిరిగాం కదా, ఎదురుగా ఏముంది? లూవ్ర్ మొత్తంలో అతి పెద్ద చిత్రం ఉంది. పావొలో వెరోనీస్ 1563లో పూర్తిచేసిన ‘కానా ఊరి పెళ్ళివిందు’. వెడల్పు 9.94 మీటర్లు, ఎత్తు 6.77. బాబాయిగారి కొలతలో 80 గజాలు. ఆ జాగాలో కూకట్‌పల్లిలో మూడంతస్తులు లేపి, కింద షట్టర్లు కూడా వేస్తారు. అంతటి గోడ ఎదురుగా ఉండగా అర గజం కోసం తొక్కుకున్నాం.

ఇంతకీ అందులో ఉన్నది ఏమిటి? పెళ్ళి. అచ్చంగా మన పెళ్ళి. నూట ముప్పైమంది దాకా చుట్టాలు. జరీ బట్టలు, బల్లల మీద వెండి సామాను. మధ్యలో సన్నాయి మేళం బదులు తంత్రీవాద్యాల మేళం. నేలమీద కుక్కలు. కూజాని గోళ్ళతో గీరుతున్న పిల్లి. చిలకని పట్టుకున్న మరుగుజ్జు. తిన్నాక పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్న ఒకావిడ. పైన మేడమీద మాంసం కొడుతున్నవాళ్ళ హడావిడి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఏరీ అని వెతికితే, ఎడంపక్క చిట్టచివర, బల్ల అంచున, ఎవరికీ అక్కర్లేనట్టు కూచున్నారు. నడిమధ్య సీటు ముఖ్య అతిథిది: యేసుక్రీస్తుది. ఆయన ముఖ్య అతిథి కావడం న్యాయమే. ఆయన లేకపోతే ఆ పూట మగపెళ్ళివారి ముందు ఆడపెళ్ళివారి పరువు పోయేది, లేదా తారుమారయ్యేది. ఎందుకంటే విందు మధ్యలో ద్రాక్షసారా అయిపోయింది. ఆయన నీళ్ళని సారా చేశాడు. కుడిపక్కన ఒకడు కూజా వంచుతున్నాడు, ఇంకొకడు గ్లాసు పైకెత్తి, ఇదెక్కడినుంచొచ్చిందిరా అన్నట్టు దానికేసి చూస్తున్నాడు.

వడ్డన మధ్యలో కూర అయిపోవడం, మూలన గుసగుసలు, వంటవాడు ఏదో కలిపి గండం గట్టెక్కించడం, ఇవి తెలియని తెలుగువాడుంటాడా? దీనికి గైడు కావాలా? రిసీవరు కావాలా? బంతిలో కూచున్న ప్రతివాడి మొహం చూసి వీడు మేనమామ, వీడు పిలవకుండా వచ్చినవాడు, వీడికి మర్యాద తక్కువైంది అని మనం గంటసేపు చెప్పుకోగల బొమ్మ భూమ్మీద ఏదైనా ఉంటే అది ఇదే. మా నలభై ఇద్దరూ దానికి వీపు పెట్టి మోనాలిసా ఫోటో తీశారు. తర్వాత మోనాలిసాకి వీపు పెట్టి, వెరోనీస్‌కి ఎదురుగా నిలబడి, మధ్యలో ఫోన్ అడ్డం పెట్టుకుని తమ మొహాలు తాము చూసుకున్నారు. గదిలో ఆ పెళ్ళిని తీరిగ్గా చూస్తున్న మనిషి ఒక్కతే. ఆవిడే గాజు వెనకనుంచి, కొద్దిగా నవ్వుతూ.

ఈ చిత్రానికి గైడు లేని రోజులూ ఉన్నాయి. వెనిస్‌లో సాన్ జోర్జో మజ్జోరె మఠం భోజనశాల గోడకోసం దీన్ని వేయించారు. కూలి 324 డ్యూకట్లు, పని జరిగినన్నాళ్ళూ భోజనం, ఒక పీపా సారా. సారా అయిపోయిన బొమ్మ వేయడానికి సారా బయానా! ఆ మఠంలో సన్యాసులు మాట్లాడకుండా భోంచెయ్యాలని నియమం. 234 ఏళ్ళు, రోజూ, నోరు విప్పకుండా ఆ పెళ్ళిని చూస్తూ తిన్నారు. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చి దాన్ని ముక్కలు కోసి, చుట్టి, పారిస్ పట్టుకొచ్చి మళ్ళీ కుట్టించింది. నెపోలియన్ ఓడాక తిరిగి ఇవ్వమంటే, కదిలిస్తే పాడైపోతుందని ఫ్రాన్సు వంక చెప్పి బదులుగా వేరే బొమ్మ అంటగట్టింది. 2007లో మఠం గోడమీద దీని నకలు పెట్టారు. కనుక ఇవాళ అసలు బొమ్మ సొంత చోటులో లేదు, సొంత చోటులో ఉన్నది అసలు బొమ్మ కాదు. ఆ నకలు ముందు మాత్రం మోనాలిసా లేదు. నకలుది అదృష్టం.

వెరోనీస్ బొమ్మల్లో ఒక్కో మనిషినీ వేలుపెట్టి చూసినవాళ్ళు చరిత్రలో ఇంకొందరున్నారు. వాళ్ళు మతద్రోహ విచారణాధికారులు. 1573లో ఆయన వేసిన ఇంకో పెద్ద విందు బొమ్మ, ప్రభువు చివరి రాత్రి భోజనం, వాళ్ళ కంటబడింది. పిలిపించి అడిగారు: చిలకతో ఆ విదూషకుడెందుకు? ముక్కునుంచి నెత్తురు కారే ఆ నౌకరెందుకు? ఆ జర్మన్ సిపాయిలకి అక్కడేం పని? కవులకీ పిచ్చివాళ్ళకీ ఉన్న చనువే మాకూ ఉందని ఆయన జవాబు. మూడు నెలల్లో సొంత ఖర్చుతో బొమ్మ మార్చమన్నారు. ఆయన బొమ్మలో ఎవర్నీ తీసెయ్యకుండా పేరు మార్చాడు, ‘లేవీ ఇంట విందు’ అని. అంతే, అధికారులు తృప్తిపడ్డారు. చూశారా, ఎంత శ్రద్ధగా చూసినవాడైనా చివరికి చీటీ చదివి సంతోషిస్తాడు. అయినా వాళ్ళంటే నాకు గౌరవమే. కాల్చడానికైనా సరే, ముందు చూశారు.

తిరుగుదారిలో దవీద్ వేసిన నెపోలియన్ పట్టాభిషేకం ఉంది. అదీ దాదాపు అంతే గోడ. నెపోలియన్ తల్లి కొడుకు మీద కోపంతో ఆ వేడుకకి రాలేదు. బొమ్మలో నడిమధ్య దర్జాగా కూచుని ఉంది. ఇది చెప్పగానే మావాళ్ళలో మొదటిసారి నిజమైన చప్పట్లు. రానివాళ్ళని వచ్చినట్టు, అలిగినవాళ్ళని నవ్వుతున్నట్టు ఫ్లెక్సీలో అతికించే విద్య మన సెంటర్లలో పుట్టిందనుకుంటున్నాం. ఈ బొమ్మ 1807 నాటికే పూర్తయింది.

గైడు వద్దని నేననను. మంచి గైడు మంచి పౌరాణికుడి లాంటిది. చూపుడువేలు చాచి, రెండు మాటలు చెప్పి, పక్కకి తప్పుకుంటుంది. వినేవాళ్ళుంటే. ఒకప్పుడు మనం అలాంటి వినేవాళ్ళమే. పద్యనాటకంలో ఒక్క పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టి, నాటకం తెల్లవారినా లేవని జాతి మనది. కథ తెలియక కాదు, రాయబారం ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ ఒక్కటీ మళ్ళీ కావాలి, అంతే. బొమ్మ ముందు వన్స్‌మోర్ కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. గంటన్నరలో పది బొమ్మలు చూపించే బదులు ఒక్కదాని ముందు గంటన్నర కూచోబెట్టే టూరు పెడితే, డబ్బు వాపసివ్వమని బస్సుకి అడ్డం పడుకుంటాం.

నిజానికి లూవ్ర్‌లో మనకంటే గురి ఉన్న బృందం ఒక్కటే వచ్చింది. 2025 అక్టోబరు 19 ఆదివారం పొద్దున సామాను ఎత్తే లారీ నిచ్చెన వేసుకుని వచ్చారు. గైడు లేడు, జెండా లేదు, ఏం చూడాలో ముందే నిశ్చయించుకున్నారు. ఎనిమిది నిమిషాల్లోపు అపోలో గ్యాలరీలో పని ముగించుకుని 8.8 కోట్ల యూరోల రాచనగలతో దిగిపోయారు. ఆ ఎనిమిది నిమిషాలూ వాళ్ళు చూడవలసినవాటినుంచి చూపు తిప్పి ఉండరని ఘంటాపథంగా చెప్పగలను. సెల్ఫీ కూడా తీసుకోలేదు.

ఒక్క 2024లోనే 87 లక్షలమంది వచ్చిన చోటు అది. రద్దీ తట్టుకోలేక 2025 జూన్‌లో సిబ్బందే పని ఆపేశారు. ఫ్రాన్సు అధ్యక్షుడు అప్పటికే ఒక ఉపాయం ప్రకటించి ఉన్నాడు: మోనాలిసాకి విడిగా ఒక గది, దానికి విడిగా టికెట్టు. ఈలోగా 2026 జనవరి నుంచి యూరోపియన్ ఆర్థిక మండలి బయటివాళ్ళకి టికెట్టు 22 యూరోలనుంచి 32 చేశారు. తాజ్‌మహల్ దగ్గర మనవాడికి 50, పైవాడికి 1,100 పెట్టిన దేశస్థులం కనుక నోరు మూసుకుని కడతాం. పైగా ఆ విడి గది విషయంలో నాదొక విన్నపం. గది కట్టండి. టికెట్టు పెట్టండి. బారులకి తాళ్ళు కట్టండి. గోడకి తుపాకి గుండు దిగని గాజు బిగించండి. గాజు వెనక నాలుగు కొక్కేలు పెట్టండి. బొమ్మ మాత్రం పెట్టకండి. 1911లో ఖాళీ గోడకే జనం బారులు తీరారన్న అనుభవం మీకుంది. వీపు తిప్పి నిలబడేవాళ్ళకి వెనక ఏముంటే ఏం? ఆవిణ్ణి తీసుకెళ్ళి ఏ కిటికీ పక్కనో కూచోబెట్టండి, అయిదు వందల ఏళ్ళుగా నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టి ఉంటాయి.

ఊరొచ్చిన నెలకి తెనాలిలో మేనల్లుడి పెళ్ళి. గుమ్మంలో ఫ్లెక్సీ మీద, అలిగి రానని చెప్పిన పెదమావయ్య రెండు చేతులూ జోడించి స్వాగతం పలుకుతున్నాడు. హాల్లో నడిమధ్య సోఫాలో ఎమ్మెల్యేగారు. వడ్డన దగ్గర పనసపొట్టు కూర అయిపోయిందని గుసగుసలు. మంగళవాద్యాల జోరు పెరిగింది. జీలకర్రా బెల్లం పెట్టే వేళ. మూడో వరసలో కూచున్న నేను మెడ చాచాను. ఒక నల్లచొక్కా. భుజానికి బ్యాటరీల సంచీ. నిచ్చెనెక్కినవాడి బూట్లు. ఆ పక్కన ఇంకో నలుగురి వీపులు. వధూవరులు వాటి వెనక ఎక్కడో ఉండే ఉంటారు. హాలంతా అటు చూడ్డం మానేసి పక్కగోడకున్న ఎల్ఈడీ తెరవైపు తిరిగి ఉంది.

పక్కనున్న బాబాయిగారు, అదే, అర గజం బాబాయిగారు, తెరమీంచి కళ్ళు తిప్పకుండా, “ముహూర్తం చూశావా?” అన్నారు.

చూశానన్నాను. నమ్మారు.